పైలట్ మంట పదేపదే ఆరిపోతున్న గ్యాస్ బ్రాయిలర్‌ను వాడవచ్చా?

కర్నూలు వంటిల్లు (ప్రశ్న):

బళ్ళారి చౌరస్తాకు దగ్గరలో మాకు చిన్న రెస్టారెంటు ఉంది. చికెన్, చేప, పనీర్ కాల్చడానికి పైనుంచి సెగ తగిలే గ్యాస్ బ్రాయిలర్ ఒకటి బెంగళూరులో మూతపడిన హోటలు నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. నాబ్‌ను నొక్కి పట్టుకున్నంతసేపు పైలట్ (ప్రధాన బర్నర్‌ను అంటించే చిన్న మంట) వెలుగుతోంది, చేయి తీయగానే ఆరిపోతోంది. ఒకవేళ నిలిచినా రద్దీ వేళలో ఉన్నట్టుండి ఆరుతోంది. సిరామిక్ పలకల్లో ఒకటి ఎర్రబడడం లేదు, మిగతావాటి మీద పసుపు మంట పొడుగ్గా లేచి మసి పడుతోంది. నాబ్‌ను తీగతో కట్టేస్తే సరిపోతుందని మా వంటమాస్టరు అంటుండగా, సేఫ్టీ వాల్వ్ తీసేసి పైపును నేరుగా కలుపుతానని ఒక మెకానిక్ అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

అనంతపురం మెకానిక్:

అయ్యా, ఆ రెండు పనుల్లో ఏదీ చేయించకండి. పైలట్ మంటలో ఉండే థర్మోకపుల్ మొన వేడెక్కినప్పుడు పుట్టే కొద్ది మిల్లీవోల్టుల కరెంటుతోనే లోపలి అయస్కాంతం వాల్వ్‌ను తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరి మొన చల్లబడితే గ్యాస్ దానంతటదే ఆగిపోతుంది. నాబ్‌ను తీగతో కట్టేస్తే మంట లేకపోయినా గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది కాబట్టి నేలబారున పరుచుకుంటుంది, గాలిలో అది సుమారు రెండు శాతానికి చేరితే పక్క పొయ్యి మంటే అంటించడానికి చాలు.

చేయి తీయగానే ఆరుతోందంటే మొదట థర్మోకపుల్‌నే అనుమానించాలి. మొనకు మసి పట్టిందా, అది మంటలోంచి పక్కకు జరిగిందా, వాల్వ్ దగ్గర నట్టు వదులైందా చూడండి. మంట పెట్టాక నాబ్‌ను అర నిమిషం పట్టుకునే వదలాలి. అయినా నిలవకపోతే థర్మోకపుల్ మార్చండి, అది పెద్ద ఖర్చేమీ కాదు. పైలట్ ఆరినప్పుడు వెంటనే అగ్గిపుల్ల గీయకుండా, గ్యాస్ కట్టి, కనీసం ఐదు నిమిషాలు గాలి ఆడనిచ్చి, వాసన లేదని నిర్ధారించుకున్నాకే మళ్ళీ వెలిగించాలి. అన్నట్టు, మీ బ్రాయిలర్ మీది రేకుపై ఏ గ్యాస్ అని రాసి ఉంది? ఆ పసుపు మంట నాకు నచ్చడం లేదు.

కడప భోజనశాల:

మెకానిక్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. ఎర్రబడని పలక రంధ్రాల్లో కొవ్వు గడ్డకట్టి ఉండవచ్చు. పూర్తిగా చల్లారాక మెత్తని బ్రష్‌తో దులిపి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదించండి. వేడి పలక మీద నీళ్ళు చల్లితే పగులుతుంది, పగిలిన పలకలోంచి మంట వెనక్కి, బర్నర్ లోపలికి పోతుంది. కాబట్టి పగులు కనిపిస్తే అతికించే ప్రయత్నం వద్దు, మార్చడమే. కొవ్వు పళ్ళెం రోజూ ఖాళీ చేయాలి. మా దగ్గర ఈ ఒక్క విషయంలో పనివాళ్ళతో నేను రాజీపడను, ఎందుకంటే బ్రాయిలర్‌లో అంటుకునేది మొదట ఆ కొవ్వే. అంటుకుంటే నీళ్ళు పోయకూడదు. గ్యాస్ కట్టి, నూనె మంటలకు వాడే వెట్ కెమికల్ సిలిండరు ఉపయోగించాలి.

కరెంటు పోయి ఎగ్జాస్ట్ ఆగితే బ్రాయిలర్ కూడా ఆపాలి. సరిగా మండని గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

కర్నూలు వంటిల్లు:

ఇద్దరికీ ధన్యవాదాలు. రేకు మీద సహజవాయువు అని ఉంది. మేము 19 కిలోల నీలం సిలిండర్లు వాడుతున్నాము. ఎండల మూలంగా పక్కనే స్టాండ్ ఫ్యాన్ కూడా పెట్టాము.

అనంతపురం మెకానిక్:

అయితే ఈ రోజునుంచే దాన్ని వెలిగించడం ఆపండి. ఘనమీటరు లెక్కన ఎల్‌పీజీలో వేడి సహజవాయువుకంటే రెండున్నర రెట్లకు తక్కువ ఉండదు కనుక, సహజవాయువు కోసం చేసిన జెట్లలోంచి (బర్నర్‌లోకి గ్యాస్‌ను వదిలే సన్న రంధ్రాల ముక్కల్లోంచి) అది వస్తే మంట అదుపు తప్పి మసి కడుతుంది. ప్రధాన బర్నర్ జెట్లతోబాటు పైలట్ జెట్టును, రెగ్యులేటరును కూడా ఎల్‌పీజీకి సరిపోయేవి వేయించాలి. జెట్టు రంధ్రాన్ని సూదితోనో డ్రిల్లుతోనో సరిచేస్తామనేవారిని నమ్మవద్దు.

రద్దీలో పైలట్ ఆరడానికి మీ ఫ్యాన్ గాలి కూడా కారణం కావచ్చు, దాని గాలి బ్రాయిలర్‌కు తగలకుండా ముఖం పక్కకు తిప్పండి. బిగింపులన్నీ అయ్యాక ప్రతి కీలుకూ సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడాలి, అగ్గిపుల్లతో ఎన్నడూ పరీక్షించకూడదు. ఐఎస్ఐ గుర్తున్న గొట్టమే వాడి, దానిమీద ముద్రించిన గడువు దాటకముందే మార్చండి. లీకు అనుమానం వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా అందరినీ బయటకు పంపి, సిలిండరు వాల్వ్ కట్టగలిగితే కట్టి, బయట నుంచి 1906కు ఫోన్ చేయండి. నిల్వ ఉంచే ఎల్‌పీజీ మొత్తం 100 కిలోలు దాటితే లైసెన్సు అవసరమవుతుంది, అంటే మీ సిలిండర్లు ఐదు దాటకుండా చూసుకోండి.