క్రెడిట్ స్కోరు బాగున్నా బ్యాంకు ఖాతా ఎందుకు నిరాకరించారు?

అమెరికాలో ఒక బ్యాంకులో చెకింగ్ ఖాతా (రోజువారీ లావాదేవీల ఖాతా) కోసం ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయగా, వెంటనే తిరస్కరించారు. నా క్రెడిట్ స్కోరు 780కి పైనే ఉంది, ఏ బిల్లూ ఆలస్యం కాలేదు. తర్వాత వచ్చిన ఉత్తరంలో, చెక్స్‌సిస్టమ్స్ (బ్యాంకు ఖాతాల చరిత్రను నమోదు చేసే సంస్థ) నివేదిక ఆధారంగా ఈ నిర్ణయం తీసుకున్నామన్న వాక్యం తప్ప వివరణ లేదు.

క్రెడిట్ బ్యూరోలు అప్పు తీర్చిన తీరును నమోదు చేస్తే, ఈ సంస్థ ఖాతాలో తీర్చకుండా వదిలేసిన బకాయిలు, బ్యాంకే మూసివేసిన ఖాతాలు వంటి వివరాలను సాధారణంగా 5 ఏళ్లు ఉంచుతుంది కనుక, స్కోరు ఇక్కడ అక్కరకు రాదని అర్థమైంది. తిరస్కరణ నోటీసు అందిన 60 రోజుల్లోపు నివేదికను ఉచితంగా కోరే హక్కును ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ఇస్తుంది కాబట్టి తెప్పించి చూశాను. ప్రతికూల నమోదు ఒక్కటీ లేదు, అయితే కొత్త ఖాతాలకిచ్చే బోనస్‌ల కోసం ఈ మధ్య పలు బ్యాంకుల్లో ఖాతాలు తెరిచినందువల్ల (అది నేరమేమీ కాదు కదా!) ఎంక్వైరీలు (దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకులు నా నివేదికను చూసిన నమోదులు) మాత్రం చాలానే కనిపించాయి.

కేవలం ఎంక్వైరీల సంఖ్య చూసి ఖాతా నిరాకరించడం మీలో ఎవరికైనా అనుభవమైందా? నమోదులో తప్పుంటే వివాదం దాఖలు చేయవచ్చు గాని, ఇవన్నీ నిజమైనవే. అటువంటప్పుడు శాఖకు స్వయంగా వెళ్లి పునఃపరిశీలన కోరితే అక్కడి మేనేజరు నిర్ణయాన్ని మార్చగలరా, లేక కొన్ని నెలలు ఆగడమే మేలా? ఇలాంటి మరో సంస్థ అయిన ఎర్లీ వార్నింగ్ సర్వీసెస్ నివేదికను కూడా తెప్పించాలా? ఇలా తిరస్కరణకు గురైనవారి కోసం నెలవారీ రుసుముతో వచ్చే ‘సెకండ్ ఛాన్స్’ ఖాతా మాత్రం నాకు వద్దు.