రెండు కార్లు అమ్మేసి ఒకే ఎలక్ట్రిక్ కారు తీసుకోవచ్చా?

ప్రశ్న:

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. ఆఫీసుకి, పిల్లల బడికి, బజారుకి రోజూ అదే తిరుగుతుంది. రెండోది ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. అందరం కలిసి దూరం వెళ్లేటప్పుడు తీస్తాం, మిగతా రోజుల్లో కదలదు. ఇన్సూరెన్సు, సర్వీసింగ్, టైర్లు, బ్యాటరీలు అన్నీ రెండేసి. ఎప్పుడూ ఏదో ఒకదానికి డబ్బు పెడుతూనే ఉన్నాను. రెండూ అమ్మేసి 60 యూనిట్ల బ్యాటరీ ఉన్న మంచి ఎలక్ట్రిక్ కారు ఒకటి తీసుకుంటే చాలు కదా అని నా ఆలోచన.

మా ఆవిడకి మాత్రం రెండు అనుమానాలు. ఇద్దరం ఒకేసారి బయటికి వెళ్లాల్సి వస్తే ఎలా? నాన్నగారికి ఒంట్లో అంత బాగుండదు, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చి ఛార్జింగ్ లేకపోతే ఎలా? ఏడాదిలో నాలుగైదు సార్లు 400 కిలోమీటర్ల ప్రయాణం కూడా ఉంటుంది. ఇంట్లో సొంత పార్కింగ్ ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు:

మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయండి. ఇల్లు ఒక్క కారుతో నడుస్తుందా అనేది ఒకటి. పెట్రోలు, డీజిల్ వదిలేసి కరెంటుకి మారొచ్చా అనేది ఇంకొకటి. వీటిని విడదీయండి, మొదటిదాని సంగతి ముందు తేల్చుకోండి. ఒక్క కారుతో వచ్చే ఇబ్బంది అది పెట్రోలుదైనా, కరెంటుదైనా ఒకేలా వస్తుంది. రెండు బండ్లు అమ్మి ఈవీ కొన్నవాళ్లు కొందరు ‘ఈవీ మాకు పడలేదు’ అంటారు. కాస్త తరచి అడిగితే, వాళ్లకి పడనిది రెండో కారు లేకపోవడమే.

మొదటి ప్రశ్నకి ఏమీ కొనకుండా, ఏమీ అమ్మకుండానే జవాబు దొరుకుతుంది. డీజిల్ బండి తాళం బీరువాలో పెట్టేసి ఒకటి రెండు నెలలు చిన్న కారుతోనే గడపండి. అందులో సెలవులు, పరీక్షలు, చుట్టాల రాకపోకలు కూడా ఉండేలా చూసుకోండి, లేకపోతే ఆ లెక్క నమ్మదగ్గది కాదు. రెండో కారు కావాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక పుస్తకంలో రాయండి. ఎవరికి, ఎందుకు కావాల్సి వచ్చింది, చివరికి ఎలా సర్దుకున్నారు అనేవి ఉంటే చాలు. క్యాబ్ పిలిస్తే ఆ ఖర్చు కూడా రాయండి. ఆ పుస్తకం మీ ఆవిడ చేత రాయించండి. ఇబ్బంది పడేది తనే అయితే లెక్క తన చేతిలోనే ఉండాలి.

అలా రాసిన క్యాబ్ ఖర్చు నెలకి ఎంత పడిందో చూసి, దాన్ని రెండో కారు నెల ఖర్చు పక్కన పెట్టండి. రెండో కారు ఖర్చంటే డీజిల్ ఒక్కటే కాదు. ఇన్సూరెన్సు, ఏడాదికోసారి ఆయిల్ మార్పు, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్, తిరగకపోయినా వయసుతో గట్టిపడిపోయే టైర్లు, ఏడాదికింత పడిపోయే ధర, అన్నీ కలిపి పన్నెండుతో భాగించండి. చాలా ఇళ్లలో ఈ లెక్క వేసేసరికే సగం నిర్ణయం అయిపోతుంది.

ఇక డబ్బు మిగులుతుందన్న ఆశ గురించి ఒక మాట. కొత్త కారు ధర మొదటి రెండు మూడేళ్లలోనే బాగా పడిపోతుంది. మీ పాత బండ్లకి ఆ నష్టం ఎప్పుడో అయిపోయింది. కాబట్టి కరెంటు బండితో మిగిలేదంతా తిరిగే కిలోమీటర్ల మీదే రావాలి. మామూలు ఈవీకి 100 కిలోమీటర్లకి 15 యూనిట్ల దాకా పడుతుంది. ఛార్జింగ్‌లో పోయేది కలిపితే మీటరు మీద 17 అనుకోండి. లీటరుకి 16 ఇచ్చే పెట్రోలు కారుకి అదే దూరానికి 6 లీటర్ల పైన కావాలి. మీ దగ్గరి రేట్లతో రెండూ గుణించి, ఏడాదికి మీరు తిరిగే దూరానికి లెక్కకట్టండి. బాగా తిరిగేవాళ్లకి తేడా పెద్దగానే కనిపిస్తుంది. తక్కువ తిరిగేవాళ్లు డబ్బు మిగులుతుందని మాత్రం మారకండి. పొగ ఉండకూడదనో, శబ్దం లేని ప్రయాణం కోసమో అయితే మారండి, అవి కూడా మంచి కారణాలే.

అడిగినవారు:

చాలా థ్యాంక్సండి. తాళం దాచిపెట్టే ఆలోచన మా ఆవిడకి బాగా నచ్చింది. కానీ నాన్నగారి విషయం, 400 కిలోమీటర్ల విషయం ఇంకా తేలలేదు. కంపెనీ చెప్పే రేంజ్ చూస్తే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లిపోవచ్చు అనిపిస్తోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:

కంపెనీ చెప్పే రేంజ్ పరీక్షల్లో వచ్చింది. హైవే మీద అది రాదు. గాలి అడ్డుకునే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80లో వెళ్లేటప్పటి కంటే 110లో ఆ బలం దాదాపు రెట్టింపు. అందుకే ఊళ్లో రద్దీలో బాగా ఇచ్చే ఈవీ హైవే మీద తక్కువ ఇస్తుంది. పెట్రోలు బండికి అలవాటైనవాళ్లకి ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

మీ ప్రయాణానికి లెక్క వేద్దాం. హైవేలో 100 కిలోమీటర్లకి 18 యూనిట్లు అనుకుంటే 400 కిలోమీటర్లకి 72 యూనిట్లు. మీ బ్యాటరీ 60. చివరి 10 శాతం ముట్టుకోకుండా వాడితే 54 చేతిలో ఉన్నట్టు, అంటే 300 కిలోమీటర్లు. మిగతా 18 యూనిట్లు దారిలో ఎక్కించుకోవాలి. 60 కిలోవాట్ల (గంటకి 60 యూనిట్ల లెక్కన ఎక్కించే) ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 20 నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. పిల్లలు, పెద్దాయన ఉన్నప్పుడు అంతసేపు ఎలాగూ ఆగుతారు. 80 శాతం దాటాక మాత్రం ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, అక్కడ కూర్చుని 100 చేయాలని చూడకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది వెళ్లేటప్పుడు కాదు, తిరిగొచ్చేటప్పుడు. చేరిన చోట ఛార్జర్ ఉందా? మామూలు 15 ఆంపియర్ల ప్లగ్ ఉన్నా దాదాపు 3.3 కిలోవాట్లు వస్తుంది. రాత్రి పది గంటలు పెడితే బ్యాటరీలోకి సుమారు 30 యూనిట్లు చేరతాయి. రెండు రాత్రులుంటే నిండిపోతుంది. అదీ లేకపోతే దగ్గరలో ఫాస్ట్ ఛార్జర్ ఎక్కడుందో బయల్దేరే ముందే చూసుకోవాలి. ఒక్క ఛార్జర్ ఉన్న స్టేషన్‌ని నమ్ముకోవద్దు. అది పాడైతేనో, ముందు ఇద్దరుంటేనో ప్లాన్ మొత్తం మారిపోతుంది. ఇంకో 30, 40 కిలోమీటర్లు వెళ్లగలిగేంత ఛార్జింగ్ ఉన్నప్పుడే ఆగే చోటు పెట్టుకోండి. గడ్డకట్టే చలి ఉండే చోటైతే రేంజ్ 20 నుంచి 40 శాతం దాకా కూడా తగ్గొచ్చు, అప్పుడు ఈ లెక్క మళ్లీ వేయాలి.

నాన్నగారి విషయంలో మీ ఆవిడ టెన్షన్ అర్థమైంది. దీనికి ఇంట్లో ఒక్క నియమం చాలు. కారు ఇంటికొచ్చాక 50 శాతం కంటే తక్కువ ఉంటే ప్లగ్ పెట్టకుండా లోపలికి రాకూడదు. 30 శాతం ఉన్నా 100 కిలోమీటర్ల దాకా వెళ్తుంది, ఆసుపత్రి అంత దూరం ఉండదు కదా. నిజంగా ఆలోచించాల్సింది వేరే ఉంది. ఆ సమయానికి ఒకే కారు మీ దగ్గర ఉండి, మీరు ఊళ్లో లేకపోతే? దీన్ని బ్యాటరీ తీర్చలేదు. కాబట్టి పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోవడం, అంబులెన్స్ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచడం, ఈ రెండూ కారు ఏదైనా చేయండి. ఛాతీ నొప్పి, పక్షవాతం లాంటివైతే కారు ఇంట్లో ఉన్నా ముందు అంబులెన్స్‌కే ఫోన్ చేయాలి.

ఇంకొకరి జవాబు:

వైరింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నాను. నేను ఎలక్ట్రికల్ పని చేస్తాను. కారు బుక్ చేయడానికి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పార్కింగ్ దగ్గరికి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను, దానికి సొంత ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. 7.4 కిలోవాట్ల ఛార్జర్ అంటే 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. గీజరు అయితే కాసేపు లాగి ఆగిపోతుంది, ఇది తెల్లవార్లూ ఆగదు. సన్నటి వైరు, వదులు ప్లగ్ వేడెక్కి కాలిపోతాయి. మీ కనెక్షన్ లోడ్ సరిపోకపోతే పెంచమని ముందే అప్లై చేయాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కారు ఛార్జింగ్ పెట్టొద్దు, ఒక్క రాత్రికి కూడా.

మరొకరి జవాబు:

నేను కొంచెం వేరేగా చెప్తాను. రెండూ ఎందుకు అమ్మాలి? రోజూ తిరిగే చిన్న కారు స్థానంలో చిన్న బ్యాటరీ ఈవీ పెట్టి, డీజిల్ బండి ఉంచుకోండి. 25, 30 యూనిట్ల బ్యాటరీ రోజువారీ పనికి బోలెడు. పెద్ద బ్యాటరీ కొంటే ఏడాదిలో నాలుగైదు ప్రయాణాల కోసం ఆ బరువంతా రోజూ మోస్తూ తిరగాలి.

అడిగినవారు:

ఇది కూడా బాగానే ఉంది. డీజిల్ బండి ఎలాగూ పాతదే, అమ్మినా పెద్దగా రాదు. అలా ఉంచేస్తే పాడవుతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

పైన చెప్పింది మంచి సలహా. మీ పుస్తకంలో వారానికి ఒకటి రెండు సార్లు రెండు కార్లూ ఒకేసారి కావాల్సి వచ్చినట్టు తేలితే నేనూ అదే చెప్తాను. ఎక్కువ తిరిగే బండి కరెంటుది అయితే లాభం, తక్కువ తిరిగే బండి పాతది అయితే లాభం. కొత్త ఖరీదైన బండిని కదలకుండా ఉంచడం శుద్ధ దండగ.

డీజిల్ బండిని కదపకుండా ఉంచితే మాత్రం పాడవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది, బ్రేక్ డిస్కులకి తుప్పు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నిలబెట్టి పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లోకి తేమ, కాలని ఇంధనం చేరతాయి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండి అయితే అందులో మసి పేరుకుంటుంది, అది కాలిపోవాలంటే ఆగకుండా హైవే వేగంతో 15, 20 నిమిషాలు నడవాలి. పది రోజులకోసారైనా అరగంట బయటికి తీసుకెళ్లగలిగితేనే ఉంచుకోండి. లేకపోతే అమ్మేయడమే మంచిది.

ఇద్దరికీ ఒకేసారి కావాల్సి రావడం అరుదు, అదీ దగ్గరి పనులకే అయితే కారుతో పాటు ఎలక్ట్రిక్ స్కూటరు ఒకటి చూడండి. చాలా ఇళ్లకి రెండో కారు తీర్చే అవసరం అంతే.

అడిగినవారు:

పెద్ద ఈవీ ఒక్కటే తీసుకుంటే పాత బ్యాటరీ భయం ఒకటి ఉంది. పదేళ్లకి మార్చాలంటే కారు ధర అంత అవుతుందంటున్నారు.

ఇంకొకరి జవాబు:

బ్యాటరీ ఒక్కరోజులో చచ్చిపోదు, నెమ్మదిగా రేంజ్ తగ్గుతుంది. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తాయి. ఆలోగా సామర్థ్యం 70 శాతానికి దిగువకి పడితే బాగుచేయడమో మార్చడమో వాళ్ల బాధ్యత. ఆ 70 శాతం మాట కాగితం మీద ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. ఈవీ బ్యాటరీల్లో ముఖ్యంగా రెండు రకాలు. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉండేది) అయితే రోజూ 80 శాతం దాకే ఎక్కించండి, దూరం వెళ్లే ముందు రాత్రి మాత్రం 100 చేయండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే అప్పుడప్పుడు 100 చేయమని కంపెనీలే చెప్తాయి, కారులోని మీటరు ఛార్జింగ్ శాతం సరిగ్గా చూపించడానికి. ఏ రకమైనా నిండుగా గానీ, ఖాళీగా గానీ వారాల తరబడి ఎండలో ఉంచొద్దు.

అడిగినవారు:

అందరికీ థ్యాంక్స్. ముందు తాళం బీరువాలో పెడుతున్నాం. ఒక్క కారు చాలని తేలితే పెద్ద ఈవీ ఒకటే, లేదంటే చిన్న ఈవీతో పాటు డీజిల్ బండి. ఒకటే తీసుకుంటే రెండు పాత బండ్లూ ఒకేసారి ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు:

వద్దండి. పెట్రోలు కారు ఇచ్చేయండి, డీజిల్ బండి అమ్మకం మాత్రం కొన్నాళ్లు ఆపండి. ఆ 400 కిలోమీటర్ల ప్రయాణం ఒకసారి, ఇంటిల్లిపాదీ సామాన్లతో సహా, కొత్త ఈవీలో చేసి రండి. ఏడుగురు పట్టే బండి నుంచి ఐదుగురి బండికి దిగుతున్నారేమో అది కూడా అప్పుడే తెలుస్తుంది. నాన్నగారు ఎక్కి దిగడం తేలికగా ఉందో లేదో టెస్ట్ డ్రైవ్ రోజే ఆయన్ని వెంట తీసుకెళ్లి చూడండి. బ్యాటరీ అడుగున ఉండటం వల్ల కొన్ని ఈవీల్లో ఫ్లోర్ ఎత్తుగా ఉంటుంది, వెనక సీట్లో మోకాళ్లు పైకి లేస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి 400 కిలోమీటర్లు అలా కూర్చోవడం కష్టం.