ఉల్రిష్ మ్యూయె హామ్లెట్ నాటకం వీడియో ఎక్కడైనా దొరుకుతుందా?

"ది లైవ్స్ ఆఫ్ అదర్స్" అనే జర్మన్ సినిమా చూసి వారమైంది. అటక మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని పియానో వింటూ, ముఖంలో ఏమీ కదలకుండానే కన్నీటి చుక్క రాల్చిన ఉల్రిష్ మ్యూయె ఇంకా కళ్ల ముందే ఉన్నారు. అసలు ఆయనది నాటకరంగం. తూర్పు బెర్లిన్‌లోని డాయిచెస్ థియేటర్‌లో పేరు తెచ్చుకున్నారు. 1990లో హైనర్ ముల్లర్ దర్శకత్వంలో 7 గంటలకు పైగా సాగిన ప్రదర్శనలో హామ్లెట్ ఆయనే. 2007లో 54 ఏళ్లకే కడుపు క్యాన్సర్‌తో పోయారు, పాపం.

ఆ హామ్లెట్ వీడియో, కనీసం కొన్ని సీన్లయినా, ఎక్కడైనా చూడొచ్చా? 1998 నుంచి ఆయన ఫోరెన్సిక్ డాక్టరుగా చేసిన టీవీ సీరియల్ "డెర్ లెట్స్‌టె త్సోయిగె" ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో దొరుకుతుందా? నాకు జర్మన్ రాదు. అక్కడున్న మనవాళ్లెవరైనా దారి చూపించండి, ప్లీజ్.