కాక్‌పిట్ జంప్‌సీటు: నలుగురు అడిగితే ఎవరికిస్తారు? (అమెరికా)

డాలస్_టు_డెన్వర్:
అమెరికాలో ఒక రీజినల్ ఎయిర్‌లైన్‌లో చేరుతున్నాను. ఇల్లు డాలస్, బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) డెన్వర్. డ్యూటీకి వెళ్లాలంటే వేరే కంపెనీ ఫ్లైటే గతి. ఒకే జంప్‌సీటుకు (కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే అదనపు సీటు) నలుగురు పైలట్లు వస్తే సీనియారిటీ చూస్తారా, ముందొచ్చినవాళ్లకిస్తారా? ప్రయాణికుల క్యాబిన్ నిండిపోతే ఆశ వదులుకోవాల్సిందేనా?

లైన్‌చెక్:
మీ సీనియారిటీ మీ కంపెనీ విమానంలోనే చెల్లుతుంది, అదీ అన్నిచోట్లా కాదు. కొన్ని కంపెనీలు చెక్-ఇన్ టైమే చూస్తాయి. పక్క కంపెనీ గేటు దగ్గర మీ సర్వీసు ఎన్నేళ్లో అడిగేవాళ్లే ఉండరు.

అందరికన్నా ముందు ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్. ఆయన తన 110ఏ గుర్తింపు కార్డు చూపిస్తే సీటివ్వాల్సిందే. డోరు మూయబోతుండగా వచ్చినా సరే, అప్పటికే కూర్చున్నవాళ్లు లేవాలి. కాక్‌పిట్‌లో రెండు అబ్జర్వర్ సీట్లు (జంప్‌సీట్లే) ఉంటే ఏది కావాలో కూడా ఆయనదే ఎంపిక. తర్వాత కంపెనీ పని మీద వచ్చేవాళ్లు: మామూలు ఫ్లైట్‌లో పైలట్ల పనితీరు పరీక్షించే (లైన్ చెక్) చెక్ ఎయిర్‌మన్, 12 నెలల్లో 5 గంటలు కాక్‌పిట్ నుంచి ఆపరేషన్లు గమనించాలన్న రూలున్న డిస్పాచర్ (నేల మీద నుంచి ఫ్లైట్ ప్లాన్ చేసే ఉద్యోగి). ఆ తర్వాత సొంత పైలట్లు, అనుబంధ కంపెనీలవాళ్లు, ఆఖరున ఒప్పందమున్న పక్క కంపెనీలవాళ్లు. మీరు చెప్పిన 'ముందొచ్చినవాళ్లకి' అన్నది పక్క కంపెనీ విమానంలో ఈ ఆఖరి గుంపుకే వర్తిస్తుంది. మధ్య మెట్లు ఒకటి రెండు కంపెనీ మాన్యువల్‌ని బట్టి అటూ ఇటూ అవుతాయి. మీరు గంట ముందొచ్చి పేరు రాయించుకున్నా, తర్వాత వచ్చిన ఆ కంపెనీ సొంత పైలట్‌కే మీకన్నా ముందు సీటు. అందులో అన్యాయమేం లేదు, అది వాళ్ల విమానం.

గేట్‌_బి:
క్యాస్ (పైలట్ గుర్తింపును గేటు దగ్గర సరిచూసే కంప్యూటర్ సిస్టమ్) సంగతి మర్చిపోకండి. గేటు ఏజెంటు మీ కంపెనీ కోడు, ఉద్యోగి నంబరు కొడితే తెరమీద మీ ఫోటోతోపాటు 'అప్రూవ్డ్' లేదా 'డినైడ్' వస్తుంది. 2001 సెప్టెంబరు తర్వాత పక్క కంపెనీల పైలట్లకు కాక్‌పిట్ మూతపడింది. మళ్లీ తెరిచింది ఈ క్యాసే. కొత్తవాళ్లకు ఇక్కడే దెబ్బ: మీ కంపెనీ మీ రికార్డును ఎక్కించకపోతే ఫోటో రాదు, ఏజెంటును బతిమాలి లాభం లేదు. మొదటి ప్రయాణానికి ముందే మీ జంప్‌సీట్ కోఆర్డినేటర్‌ని అడిగి ఖాయం చేసుకోండి. సిస్టమ్ డౌన్ అయితే కాక్‌పిట్ లేదు, ఖాళీ ఉంటే క్యాబిన్ సీటే.

డాలస్_టు_డెన్వర్:
థాంక్సండీ. మరి క్యాబిన్ ఫుల్ అయితే?

లైన్‌చెక్:
జంప్‌సీటు అసలు అక్కరకొచ్చేది అప్పుడే. ఎఫ్ఏఏ రూలు 121.547 ప్రకారం కాక్‌పిట్‌లోకి ఎవరిని రానిచ్చినా, మామూలుగా వాళ్లకు క్యాబిన్‌లో కూడా ఒక సీటు ఉండాలి. అనుమతి ఉన్న ఎయిర్‌లైన్ పైలట్‌కు ఆ షరతు లేదు. కాబట్టి 'ఫుల్' అని బోర్డు కనబడగానే వెనక్కి తిరక్కండి. క్యాబిన్‌లో ఖాళీలుంటే జంప్‌సీటర్లను అక్కడే కూర్చోబెడతారు, అప్పుడు నలుగురూ వెళ్లొచ్చు.

ఫుల్ కాకపోయినా దెబ్బతీసేది బరువు. డెన్వర్ 5,400 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో, ఎండకు గాలి పలచబడి విమానం తక్కువ బరువే మోయగలదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ టేకాఫ్ బరువు పరిమితి తగిలితే ముందు దిగేది టికెట్టు కొనని మనమే. వీలైతే పొద్దున ఫ్లైటు చూసుకోండి, దాని వెనక ఇంకో రెండు ఉండేలా.

ఓల్డ్_మ్యాడ్‌డాగ్:
ఒకటి జోడిస్తా. లిస్టులో మొదట ఉన్నా, క్యాస్ ఓకే అన్నా, ఎక్కించుకునేదీ లేనిదీ కెప్టెన్ ఇష్టం. లోపలికెళ్లగానే బ్యాగు సర్దుకోవడం కాదు. కంపెనీ ఐడీ, పైలట్ సర్టిఫికెట్, మెడికల్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని "కెప్టెన్, మీతో రావచ్చా?" అని అడగాలి. క్యాబిన్ సీటు దొరికినా అడగాలి. 2023 అక్టోబరు 22న హొరైజన్ ఎయిర్ సంస్థ ఇ175 విమానంలో జంప్‌సీట్లో ఉన్న ఆఫ్‌డ్యూటీ పైలట్ ఇంజిన్ ఫైర్ హ్యాండిళ్లు (పూర్తిగా లాగితే ఇంజిన్లు ఆగిపోతాయి) లాగబోయాడు. అందుకే ఏ కెప్టెనైనా ఒకటికి రెండు ప్రశ్నలు వేస్తే చిరాకు పడకండి. 10,000 అడుగుల లోపు మాట్లాడొద్దు, దగ్గర్లో వేరే విమానం కనబడితే మాత్రం చెప్పండి. ఆక్సిజన్ మాస్క్ ఎక్కడుందో కూర్చోగానే చూసుకోండి, ఒక్కో విమానంలో ఒక్కోచోట ఉంటుంది.