మిద్దె ఇంట్లో రాత్రిళ్లు నిద్ర లేదు, మా నాయన కోసం అడుగుతున్నా

ప్రశ్న (కావలి):
మాది పైపోర్షన్, నెత్తిన ఉత్త స్లాబే. రోహిణి కార్తె వచ్చినప్పటి నుంచి మా నాయనకు (68 ఏళ్లు, బీపీ ఉంది) రాత్రి రెండైనా కన్ను మూతపడటం లేదు. పదకొండు గంటలకు గోడకు చెయ్యి ఆనించినా వెచ్చగానే ఉంటుంది. ఆయన దిండు తిప్పి తిప్పి చల్లగా ఉన్న వైపు వెతుక్కుని, ఇంక లాభం లేదని లేచి వరండాలో కుర్చీలో కూర్చుంటాడు. పొద్దునకు నీరసం, అన్నం సయించదు. ఏసీ ఇప్పుడు మా వల్ల కాదు. కూలర్ కొంటే రెండో రోజుకే దుప్పట్లు చెమ్మ, ఒళ్లంతా జిగట. అది పాడైందా, నేనే సరిగ్గా పెట్టలేదా? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (కనిగిరి):
కూలర్ పాడవలేదండీ. నీళ్లు ఆవిరైతేనే అందులో గాలి చల్లబడేది. మాకు ఎండ ఎక్కువైనా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది, మీకు సముద్రం పక్కనే, గాలిలో ముందే తేమ ఉంటే ఇంక ఆవిరయ్యేదెక్కడ? తలుపులు మూసి పెట్టారేమో, అదైతే ఇంకా కష్టం. కిటికీ దగ్గర పెట్టి బయటి గాలి లాగేట్టు చూసుకోండి, ఎదురు తలుపు తీసి ఉంచండి. ఉక్కపోసే రాత్రి పంపు ఆపేసి ఒట్టి గాలే పెట్టండి. పడమటి గాలి కొట్టే పగటిపూట మాత్రం మీకూ నీళ్లతో పనికొస్తుంది.

జవాబు 2 (ఒంగోలు):
నేను మేస్త్రీ పని చేస్తాను. అసలు సంగతి స్లాబుది. పగలంతా ఎండ తాగి రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. మిద్దె శుభ్రంగా ఊడ్చి సున్నం రెండు పూతలు వేయించండి, తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. వానలకు పోతుంది, మళ్లీ వేసవికి వేసుకోవాలి, అయినా ఖర్చు తక్కువే. పొద్దుగుంకాక నాలుగు బకెట్లు చల్లండి. మోకాళ్లు సహకరిస్తే మిద్దె మీదే నవారు మంచం, దోమతెర. మేమందరం అట్టాగే పెరిగాం.

జవాబు 3 (నెల్లూరు, నర్సును):
నిద్ర సంగతి సరే, ఆ నీరసాన్ని తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్లకు దాహం సరిగ్గా తెలియదు, అడిగినప్పుడే ఇద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. పల్చటి మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు గంటకోసారి మీరే చేతికివ్వండి. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీళ్లు లాగేస్తాయి, నీరసం గురించి డాక్టరుకు చెప్పి ఉప్పు, నీళ్లు ఎంత తీసుకోవాలో అడగండి, మాత్ర మీరుగా ఆపొద్దు. పడుకునే ముందు మామూలు నీళ్లతో స్నానం చేయించి, తడి కండువా మెడ మీద వేసి ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి. మాట తడబడినా, మనిషి అయోమయంగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకుని 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీళ్లు పోసి విసురుతూ ఉండండి. స్పృహ సరిగ్గా లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

మళ్లీ నేను (కావలి):
డాక్టరుకు చూపించాం, మాత్ర మార్చారు. నిన్న సున్నం వేయించాను. రాత్రి స్నానం చేసి పది గంటలకు పడుకున్నాడు. రెండింటప్పుడు భయమేసి వరండాలోకి పోయి చూశాను, కుర్చీ ఖాళీగా ఉంది, లోపల గురక వినపడుతోంది.