అప్‌డేట్: ఎంపీసీ తర్వాత క్యారెక్టర్ యానిమేషన్

ఎంపీసీ చదివినవాళ్లు క్యారెక్టర్ యానిమేషన్ డిగ్రీ చేయొచ్చా, కోడింగ్ రావాలా అని హన్మకొండ నుంచి అడిగింది నేనే. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ యానిమేషన్‌లో, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీలో చేరాను. కోడింగ్ టెన్షన్ వద్దు, ప్రవేశ పరీక్షకు డ్రాయింగే ముఖ్యం.

సెలవులకు ఇంటికొచ్చి బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను నడిపించడం ప్రాక్టీస్ చేస్తున్నా. సాఫ్ట్‌వేర్ ఉచితమే, ఓపికే ఖరీదు! సెకనుకు 24 ఫ్రేములు (విడివిడి బొమ్మలు) అయితే మామూలు నడకలో ఒక్కో అడుగుకు 12. పాదం నేలకు ఆనగానే బరువుకు నడుము కాస్త దిగాలి, రెండో కాలు ముందుకు దాటేటప్పుడు లేవాలి. అది కుదరకపోతే బొమ్మ గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.

అందుకే బస్టాండ్‌లో కూర్చుని, బియ్యం సంచి మోసేవాళ్ల నడక గీస్తున్నా. భుజం ఒకవైపు వంగితే నడుము రెండోవైపు జరుగుతోంది. మా బాపు (నాన్న) మాత్రం ఇంకా "బొమ్మలకు డిగ్రీ ఏందిరా" అంటనే ఉన్నడు.

ల్యాప్‌టాప్ గురించి అడిగినవాళ్లకు: తొందరపడి కొనకండి, ముందు స్కెచ్‌బుక్ నింపండి.