మద్రాసు పాత నీటి గొట్టాలు: 1914 వడపోత నీళ్లు ఇంటి కుళాయి దాకా శుభ్రంగా చేరేవా?

పాత నీటి సరఫరా పనులు తెలిసినవారు ఈ ముడి విప్పాలి.

మద్రాసు కోటకు 1772లోనే ఏడు బావుల నీళ్లు అందాయి. ఊరికి పథకం మాత్రం 1872లో వచ్చింది: రెడ్‌హిల్స్ చెరువు నుంచి కిల్పాక్ దాకా పైకప్పు లేని కాలువ, అక్కడి నుంచి పోత ఇనుప గొట్టాలు. వడపోత ఊసే లేదు. నీటిని వడపోసే ఇసుక పడకలు 1914లో గానీ రాలేదు. అంటే నలభై ఏళ్లకు పైగా ఆ గొట్టాల్లో పారినవి పచ్చి చెరువు నీళ్లే!

ఇలా ఇసుకలోంచి నీటిని మెల్లగా దించే నెమ్మది వడపోతలో అసలు పని ఇసుక పైన కట్టే సూక్ష్మజీవుల జిగురు పొరది. నీరు గంటకు 10–20 సెంటీమీటర్లకు మించి దిగకూడదు. పొర మందమై నీరు దిగనప్పుడు 1–2 సెంటీమీటర్ల ఇసుక చెక్కేసి, పొర మళ్లీ కట్టేదాకా కొన్ని రోజులు ఆ నీటిని ఊరికి ఇవ్వకుండా బయటికి వదిలేయాలి. ఇంత పథ్యం చేసిన నీటిని తీసుకెళ్లి బురద, తుప్పు బుడిపెలు పట్టిన గొట్టంలోకి వదిలితే?

అప్పట్లో ఆ గొట్టాలను లోపల గోకేవారా, మొత్తం మార్చేవారా? గోకితే లోపలి తారు పూత కూడా లేచిపోతుంది, తుప్పు ఇంకా త్వరగా పడుతుంది కదా. పైగా నార కూరి సీసం పోసిన అతుకులు. ఒత్తిడి తగ్గిన పూట చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాగేస్తాయి. కుళాయిలో మురికి కనిపిస్తే అది గొట్టం తప్పా, అతుకు తప్పా అని ఎలా తేల్చేవారు? గొట్టాల కొసల్లో నీళ్లు వదిలి కడిగే పద్ధతి తెలిసినా చెప్పండి.